ఇంట్లో పిలిచిన పేరు, రికార్డుకెక్కిన పేరు: ఒక కుటుంబ పెన్షన్ కేసు

ఇది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలోని ఒక ఊళ్లో జరిగిన కేసు. నేను సైన్యంలో క్లర్కుగా పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. మాలో ఎవరైనా కాలం చేస్తే ఆ ఇంటివాళ్లకు పెన్షన్, వైద్యం, పిల్లల చదువుకు సంబంధించిన కాగితాల పనిలో తోడుగా ఉండాలని ఐదుగురం మాజీ సైనికులం కొన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాం. ఎవరి దగ్గరా పైసా తీసుకోము. ఈ కేసు అలా కాలం చేసిన ఒక మాజీ హవల్దారు భార్యది. ఆమె అనుమతితోనే దీన్ని రాస్తున్నాను. ఊరు, రెజిమెంటు, తేదీలు వదిలేశాను, కొన్ని వివరాలు మార్చాను. ఆమెకున్న రెండు పేర్లే ఈ కేసుకు మూలం కనుక అసలు పేర్లకు బదులు రమణమ్మ, సుబ్బమ్మ అని రాస్తాను.

నేపథ్యం

ఆమె భర్త 19 ఏళ్లకు సైన్యంలో చేరి, 24 ఏళ్లు పనిచేసి, హవల్దారుగా పెన్షన్ మీద ఇంటికొచ్చి, మెట్ట సేద్యం చేసుకుంటూ 58వ ఏట గుండెపోటుతో పోయాడు. ఇంట్లో భార్య, ఎనభై దాటిన తల్లి, చెన్నైలో చిన్న ఉద్యోగం చేసే కొడుకు, అప్పుడే ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చేరిన కూతురు ఉన్నారు. వానలు సరిగా పడని ఏడు సేద్యం మీద మిగిలేది ఏమీ ఉండదు కాబట్టి ఆ ఇల్లు నడిచింది పెన్షన్ మీదే. ఆ ఊరినుంచి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి, అంటే నెల్లూరుకు, వెళ్లి రావడానికి ఒక రోజంతా పడుతుంది.

కబురు అందిన మూడో రోజున మాలో ఇద్దరం వెళ్లాం. పెద్దకర్మ అయ్యేదాకా ఆమె ముందు కాగితం పెట్టకూడదన్నది మేము మొదటినుంచీ పాటిస్తున్న నియమం. అయితే మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే సులువుగా పోతుంది. గడువు దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్లాలి. అందుకే ఆ ఒక్క పనిని కొడుక్కి అప్పజెప్పి, గ్రామ సచివాలయంలో దరఖాస్తు ఇప్పించాం. మరణ ధృవపత్రంలో ఆయన పేరు, ఇంటిపేరు డిశ్చార్జి బుక్కులో (రిటైరయ్యేటప్పుడు సైన్యం ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకంలో) ఉన్నట్టే పడేలా కొడుకు పక్కన కూర్చుని చూసుకున్నాం. భార్య పేరు కూడా పోల్చి చూడాలన్న ఆలోచన మాకు ఆ రోజు రాలేదు.

వచ్చిన చిక్కు

పెద్దకర్మ అయిన తర్వాత, ఆమె గడప దాటే రోజు ఇంకా రాకముందే, కొడుకు బ్యాంకుకు వెళ్లాడు. మునుపు బ్యాంకు ద్వారా పెన్షన్ తీసుకున్న కాలంలో మరణ ధృవపత్రం, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) కాపీ ఇస్తే బ్యాంకే కుటుంబ పెన్షన్ మొదలుపెట్టేది. 2021 నుంచి రక్షణశాఖ పెన్షన్లు దశలవారీగా స్పర్శ్ అనే వ్యవస్థలోకి మారి, ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ల ప్రధాన కార్యాలయం నుంచి నేరుగా ఖాతాలో పడుతున్నాయి. మరణించిన విషయం స్పర్శ్‌లోనే తెలపాలని చెప్పి బ్యాంకు అతన్ని వెనక్కి పంపింది.

ఈలోగా మరో నెల పెన్షన్ ఖాతాలో పడింది. కొడుకు తండ్రి ఏటీఎం కార్డుతో ఆ డబ్బు తీసి కర్మఖర్చులకు వాడాడు. అతనికి మోసం చేయాలన్న ఉద్దేశం లేదు. నాన్న డబ్బు నాన్న కర్మకే పెట్టానన్నాడు. మరణించిన రోజు వరకే ఆయన పెన్షన్ వస్తుందని, మరుసటి రోజునుంచి ఆమె కుటుంబ పెన్షన్ మొదలవుతుందని, ఆ తర్వాత పడిన మొత్తాన్ని ఆమెకు రావలసిన బకాయిలోంచి మినహాయిస్తారని కూర్చోబెట్టి చెప్పాం. అప్పుడు మా ముందు ఒక నిర్ణయం ఉంది. స్పర్శ్‌లో మరణాన్ని తెలిపితే వెంటనే పెన్షన్ ఆగుతుంది, కుటుంబ పెన్షన్ ఎప్పుడు మొదలవుతుందో తెలియదు. తెలపకుండా ఉంటే ప్రతి నెలా డబ్బు పడుతూనే ఉంటుంది, కానీ ప్రతి నెలా ఆమె నెత్తిన అప్పు పెరుగుతుంది. తెలపడమే మంచిదని నేను గట్టిగా చెప్పాను. ఇప్పటికీ అదే సరైనదంటాను. కాకపోతే డబ్బు ఆగే నెలల్లో ఆ ఇల్లు ఎలా గడుస్తుందో ముందే మాట్లాడుకుని ఉండవలసింది. అది చేయలేదు.

మరణ సమాచారం నమోదయింది, పెన్షన్ ఆగింది. కుటుంబ పెన్షన్ దరఖాస్తు మాత్రం తిరిగొచ్చింది. పీపీఓలో భార్య పేరు సుబ్బమ్మ అని ఉంది. ఆధార్‌లో రమణమ్మ అని ఉంది.

పీపీఓను నేను రెండుసార్లు చూశాను. చూసినప్పుడల్లా ఆయన పేరు, సర్వీసు నంబరు, అర్హత సర్వీసు చదివాను. భార్య పేరు ఉన్న గడిని చదవలేదు. ఇరవై ఏళ్లకు పైగా అలాంటి గడులను నింపడమే వృత్తిగా బతికిన నాకు ఇది ఎప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆధార్ మార్చాలన్న ఆలోచన

పేర్లు రెండున్నప్పుడు ఏదో ఒకదాన్ని రెండోదానికి సరిపోయేలా మార్చాలి. సైనిక రికార్డు దూరాన ఉంది, ఆధార్ కేంద్రం మండలంలోనే ఉంది. దగ్గరదాన్ని మార్చుకుంటే త్వరగా అవుతుందని నేను అనుకున్నాను. మాలో ఒకాయన ఒప్పుకోలేదు, అయినా నా మాటే సాగింది.

ఆధార్ కేంద్రంలో అక్షరదోషం దిద్దడానికీ పేరు పూర్తిగా మార్చడానికీ చాలా తేడా ఉంటుంది. పూర్తిగా మార్చాలంటే గెజిట్ ప్రకటన కావాలన్నారు. పైగా ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోవచ్చు. ఇది ఒక ఎత్తైతే, అసలు విషయాన్ని ఆమె కూతురు అడిగింది. "పెదనాయనా, అమ్మ పేరు సుబ్బమ్మ అని మారిస్తే నా టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్న రమణమ్మ ఎవరవుతుంది?" అంది. అప్పుడు అన్నీ తీసి నేల మీద పరిచాం. బ్యాంకు ఖాతా, పట్టాదారు పాసుపుస్తకం, డ్వాక్రా పొదుపు పుస్తకం, ఓటరు కార్డు, కొడుకు చదువు పత్రాలు, కూతురు చదువు పత్రాలు అన్నింటిలోనూ ఆమె రమణమ్మే. సుబ్బమ్మ అన్న పేరు రెండు చోట్ల మాత్రమే ఉంది: సైనిక రికార్డులో, బాగా పాతబడి చెల్లకుండా పోయిన ఒక రేషన్ కార్డులో. ఒక్క కాగితానికి సరిపెట్టడానికి ఇన్ని కాగితాలను తప్పు చేయబోయాను. ఈ పరచి చూసే పని మొదటి రోజే చేసి ఉంటే మూడు వారాలు పోయేవి కావు.

మార్చవలసింది రికార్డునే అని తేలింది.

నోటరీ అఫిడవిట్ ఎందుకు చాలలేదు

రమణమ్మ, సుబ్బమ్మ ఇద్దరూ ఒకరేనని ఆమె చేత అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించి, ఆధార్, పీపీఓ కాపీలు జతచేసి, సైనికుల సర్వీసు రికార్డులు ఉంచే రికార్డ్ ఆఫీసుకు పంపాం. చిన్న తేడాలున్న కేసుల్లో, అంటే ఇంటిపేరు ముందుదో వెనకదో అయినప్పుడు, ఒక అక్షరం తప్పినప్పుడు, ఇది పనిచేయడం నేను చూశాను. ఆ అనుభవాన్నే ఇక్కడ అతికించాను. దాదాపు ఆరు వారాల తర్వాత మరిన్ని ఆధారాలు కావాలని తిరుగు ఉత్తరం వచ్చింది.

మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత, రికార్డ్ ఆఫీసులో ఆ బల్ల ముందు నేనే కూర్చుని ఉంటే ఈ ఫైలును ఎలా చూసేవాడినని ఆలోచిస్తూ డిశ్చార్జి బుక్కు మళ్లీ తెరిచాను. అందులో ఆయన తల్లి పేరు రమణమ్మ. భార్య పేరు సుబ్బమ్మ. ఇప్పుడు రమణమ్మ అనే ఒకావిడ తానే భార్యనంటూ పెన్షన్ అడుగుతోంది. తల్లి పేరుతో ఎవరో భార్యగా వస్తున్నారన్న అనుమానం ఆ గుమాస్తాకు రావడం న్యాయమే. తన గురించి తాను చెప్పుకున్న మాట ఆ అనుమానాన్ని తీర్చలేదు. ఇద్దరు రమణమ్మలు ఉన్నారని, వాళ్లు అత్తాకోడళ్లని, వేరువేరు మనుషులని, ఈ చిన్న రమణమ్మే ఆనాటి సుబ్బమ్మ అని మూడో మనిషి, మూడో కాగితం చెప్పాలి.

మధ్యలో ఆ ఇల్లు

ఈ తిప్పలన్నీ పడేసరికి ఐదు నెలలు గడిచాయి. మేము ఐదుగురం తలా కొంత వేసుకుని ఇద్దామనుకున్నాం. ఆమె ఒప్పుకోలేదు. "అన్నా, ఆయన బతికుండగా ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. ఇస్తే అప్పుగా ఇయ్యండి" అంది. వడ్డీ లేని అప్పుగా ఇచ్చి, బకాయి వచ్చాక తీర్చేలా ఒక కాగితం రాసుకున్నాం. ఆ కాగితం ఆమె పట్టుబట్టి రాయించుకున్నదే. సాయం చేసేవాళ్లు ఇలాంటి చోట తమ మంచితనాన్ని పక్కనపెట్టి ఎదుటివాళ్ల మాట వినాలని నా అభిప్రాయం. దానమిచ్చి ఉంటే, తర్వాత మేము ఏ కాగితం తెచ్చినా ఆమె ప్రశ్న అడగడానికి వెనకాడేది.

పెద్దావిడ చెప్పింది

ఆయన తల్లి ఆ ఇంటి వసారాలో మంచం మీదే ఉండేది. కొడుకు పోయిన దుఃఖంలో ఉంది, చెవులు సరిగా వినపడవు అని మేము ఆమెను పలకరించడమే కాని ఏమీ అడగలేదు. తిరుగు ఉత్తరం వచ్చిన వారంలో నేను ఆమె దగ్గర కూర్చుని, కోడలికి రెండు పేర్లు ఎలా వచ్చాయని గట్టిగా అడిగాను. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మా ఇంట్లో రమణమ్మను నేనుండానే గదా నాయనా. కోడలు పిల్లను నా పేరు పెట్టి ఎట్ట పిలుస్తారు? మావ పిలవలేడు, మొగుడు పిలవలేడు. అందుకని సుబ్బమ్మా అన్నాం."

మన వైపు ఇది కొత్త సంగతి కాదు. అత్త పేరే కోడలికి ఉంటే ఇంట్లో మరో పేరు పెట్టి పిలుస్తారు. ఆ పేరు ఇరవై, ముప్పై ఏళ్లు సాగిన తర్వాత అదే అసలు పేరనిపిస్తుంది. ఆయన పెళ్లయి యూనిట్‌కు తిరిగి వెళ్లినప్పుడు భార్య పేరు అడిగితే తల్లి పేరు నోట పలకలేక ఇంట్లో పిలిచే పేరే చెప్పి ఉంటాడు. క్లర్కు రాసుకున్నాడు, అది పార్ట్ టూ ఆర్డర్‌గా, అంటే పెళ్లి లాంటి వివరాలను యూనిట్ అధికారికంగా నమోదు చేసే ఉత్తర్వుగా, ప్రచురితమై, అక్కడినుంచి డిశ్చార్జి బుక్కుకూ పీపీఓకూ ఎక్కింది. రమణమ్మ ఆమెకు పుట్టింట్లో పెట్టిన పేరు కాబట్టి ఓటరు జాబితాలో, ఆ తర్వాత ఆధార్‌లో రమణమ్మగానే ఉంది. నేను క్లర్కుగా ఉన్న కాలంలో ఇలాంటి ఎంట్రీలు ఎన్నో రాశాను. ఇది ఇంట్లో పిలిచే పేరా, ఓటరు జాబితాలో ఉన్న పేరా అని ఒక్క జవానునూ అడిగిన గుర్తు లేదు.

పెద్దావిడ అంతటితో ఆగలేదు. తన చెక్కపెట్టె తీయించి, బట్టల అడుగునుంచి నాలుగు మూలలా పసుపు రాసిన కొడుకు శుభలేఖ ఇప్పించింది. అందులో వధువు పేరు చి.ల.సౌ. రమణమ్మ అని ఉంది. ముహూర్తం తేదీ, పార్ట్ టూ ఆర్డర్‌లో సుబ్బమ్మతో పెళ్లి జరిగినట్టు రాసిన తేదీ ఒకటే. ఒక మనిషి ఒకే రోజున, ఒకే వరుడిగా, ఇద్దరు వధువులను పెళ్లి చేసుకోడు కదా. మేము ఐదు నెలలుగా వెతుకుతున్న ఆధారం అదే.

పని ఎలా సాగింది

అక్కడినుంచి ప్రతి కాగితాన్నీ రికార్డ్ ఆఫీసువాళ్ల అనుమానానికి జవాబుగానే తయారుచేశాం. తహసీల్దారుకు దరఖాస్తు పెట్టాక వీఆర్ఓ ఇంటికే వచ్చి పెద్దావిడ, ఇద్దరు ఊరి పెద్దలు, ఆమె పుట్టింటి తరఫున అన్న చెప్పిన మాటలు రాసుకున్నాడు. ధృవపత్రంలో రెండు పేర్లూ ఒకే మనిషివని, ఆమె ఫలానా మాజీ సైనికుడి భార్య అని రాయడం మామూలే. వాటితో పాటు, ఆయన తల్లి రమణమ్మ వేరే మనిషి, జీవించి ఉంది అన్న మూడో వాక్యం కావాలని మేము ప్రత్యేకంగా అడిగాం. ఈ వాక్యం ఎందుకో వీఆర్ఓకు అర్థమయ్యేలా డిశ్చార్జి బుక్కు చూపించి చెప్పినందువల్ల ఇబ్బంది రాలేదు. అఫిడవిట్ ఈసారి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ముందు చేయించి, ఒక తెలుగు పత్రికలో, ఒక ఇంగ్లిష్ పత్రికలో ప్రకటన ఇచ్చాం. పెన్షన్‌కు వచ్చేటప్పుడు భార్యాభర్తలు కలిసి దిగి ధృవీకరింపజేసిన ఫొటో కాపీ, శుభలేఖ, పాత రేషన్ కార్డు, అత్తాకోడళ్ల ఇద్దరి ఆధార్ కాపీలు చేర్చాం.

వీటన్నింటి పైన నేను ఒక్క పేజీ రాశాను. ఏ కాగితం ఏ ప్రశ్నకు జవాబో, ఏ పేజీలో ఏ గీత చూడాలో అందులో వరుసగా ఉంది. ఫైలు కట్ట మందంగా ఉంటే చూసేవాడు పక్కన పెడతాడు. ఎక్కడ చూడాలో చెబితే చూస్తాడు. నా ఉద్యోగకాలంలో నేను పక్కన పెట్టిన కట్టలు గుర్తుపెట్టుకుని రాసిన పేజీ అది. మొత్తాన్ని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఒక పూర్తి సెట్టు ఆమె దగ్గర ఉంచాం.

సుమారు పది వారాలకు రికార్డులో పేరు మారింది, సవరించిన పీపీఓ వచ్చింది. ఆయన పోయిన తొమ్మిదో నెలలో కుటుంబ పెన్షన్ మొదలై, అదనంగా పడిన నెల మొత్తం మినహాయించి బకాయి ఖాతాలో పడింది. ఆమె మొదట మా అప్పు తీర్చింది. లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో ముఖం చూపించి ఇంట్లోనే ఇచ్చింది. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు కూడా కొత్తగా వచ్చి, షుగర్ మందులు మళ్లీ పాలీక్లినిక్‌లో తీసుకుంటోంది. ఆ కార్డు విషయంలో ఒక సంగతి రాయాలి. ఆయన ట్రంకు పెట్టెలో, మూడేళ్ల కిందట ఆమె కార్డు దరఖాస్తు పేరు తేడా వల్ల తిరిగొచ్చినట్టు ఒక చీటీ దొరికింది. ఆయన దాన్ని మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. అప్పుడు ఆయన సంతకం ఒక్కటి ఉంటే రికార్డ్ ఆఫీసుకు ఇందులో సగం కాగితాలు కూడా అవసరమయ్యేవి కావు.

మేము పోగొట్టిన అవకాశం

ఈ కేసులో సరిదిద్దలేని నష్టం కూతురి స్కాలర్‌షిప్. మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం కింద వృత్తివిద్యా కోర్సుల్లో ఆడపిల్లలకు నెలకు 3000, మగపిల్లలకు 2500 రూపాయలు ఇస్తారు. మొదటి సంవత్సరంలో చేరినవాళ్లే దరఖాస్తు చేయాలి, అర్హత పరీక్షలో కనీసం 60 శాతం ఉండాలి. ఆ అమ్మాయికి అంతకన్నా చాలా ఎక్కువే ఉన్నాయి. తల్లి పేరులోని తేడాకూ దీనికీ సంబంధం లేదు. తండ్రి డిశ్చార్జి బుక్కులో కూతురి పేరు సరిగ్గా ఉంది. అయినా పెన్షన్ తేలేదాకా ఏదీ ముందుకు పోదన్న భావంతో మేము మిగతావన్నీ ఆపేశాం. నవంబరులో రికార్డ్ ఆఫీసు ఉత్తరానికి జవాబు రాసుకుంటూ కూర్చున్న రోజుల్లోనే గడువు దాటిపోయింది. ప్రతిభను బట్టి ఎంపిక కనుక తప్పకుండా వచ్చేదని చెప్పలేను. కానీ నాలుగేళ్లకు 1,44,000 రూపాయల అవకాశాన్ని అడగకుండానే వదిలేశాం. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఆమెకు, ఆమె తల్లికి తప్పు ఒప్పుకున్నాను.

అప్పటినుంచి కొత్త కేసు రాగానే మొదటి ఆదివారమే ఆ ఇంటి పనులను రెండుగా విడదీస్తున్నాం: ఏ పని దేనికోసం ఆగాలి, ఏది దేనికోసమూ ఆగనక్కర్లేదు అని. రెండో రకానివి మాలో వేరే మనిషికి అప్పజెబుతున్నాం, ఎందుకంటే పెద్ద ముడి విప్పుతున్న మనిషికి మిగతావి గుర్తుండవు. పెన్షన్ తీసుకుంటున్న మా తోటివాళ్లను భార్యతో సహా రమ్మని, పీపీఓ, ఆధార్, ఈసీహెచ్‌ఎస్ కార్డు పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. ఇప్పటికే కొందరి ఇళ్లలో ఇలాంటి తేడాలే బయటపడ్డాయి. భర్త బతికి ఉండగా వాటిని దిద్దుకోవడం చాలా తేలిక.

ఆమె విషయంలో మిగిలిన పని ఒకటే. ఆయన పోయేనాటికి 58 ఏళ్లు. కుటుంబ పెన్షన్ పెంచిన రేటులో, అంటే చివరి జీతంలో 50 శాతం చొప్పున, ఏడేళ్లు గాని ఆయనకు 67 ఏళ్లు నిండేదాకా గాని, ఏది ముందైతే అంతవరకే వస్తుంది. ఆమెకు ఏడేళ్లే ముందు వస్తాయి. ఆ తర్వాత అది 30 శాతానికి తగ్గుతుంది, దాని మీద కరువు భత్యం ఎప్పటిలాగే వస్తుంది. ఈ సంగతి తెలియని ఇళ్లలో ఆ నెల పెన్షన్ తగ్గి పడగానే ఏదో తప్పు జరిగిందని బ్యాంకుల చుట్టూ తిరగడం మేము చూశాం. అందుకని లెక్క ఆమెకే వివరించి, తేదీ ఆమె చేతనే రాయించాను. సవరించిన పీపీఓ వెనక, రమణమ్మ అని సంతకం పెట్టి, ఆ తేదీ కింద "కూతురి చదువు అప్పటికి అయిపోతుంది" అని ఆమె తనంతట తానే ఇంకో వరుస రాసుకుంది.